లారీ కమాన్ల మీద అత్తగారు

నరసరావుపేట సంతలో ఖాకీ నిక్కర్లు, రేకు డబ్బాలు, మిలటరీ దుప్పట్లు కుప్పలు పోసి అమ్మిన రోజులవి. యుద్ధం ఆగిపోయింది గానీ యుద్ధం సామాను ఇంకా ఊళ్ళలోకి వస్తూనే ఉంది. అందరూ దుప్పట్లు కొన్నారు, బూట్లు కొన్నారు. కృపావరం మాత్రం ఏకంగా జీపు కొన్నాడు.

జీపంటే నిండు జీపు కాదు, దాని కళేబరం. ఇంజను ఉంది, చక్రాలు మూడున్నాయి. వెనక బరువు మోసే ఇనుప పట్టీల కట్టలు, అదే కమాన్లు, రెండూ విరిగిపోయి ఉన్నాయి. నల్లరేగడి డొంకల్లో కూడా పోయేలా దాన్ని తన చేతుల మీదుగా నిలబెడతానని కృపావరం బజారంతా చెప్పాడు. చెప్పడంలో అతన్ని మించినవాడు ఆ బజార్లో లేడు.

నాలుగేళ్ళు అస్సాంలో మిలటరీలో ఉండొచ్చాడు కాబట్టి అందరూ మిలటరీ కృపావరం అనేవాళ్ళు. కుడిపక్క బాంబు, ఎడంపక్క బాంబు, నడిమధ్య తన జీపు అని చెప్పేవాడు. కాఫీ హోటల్లో మొదట్లో రెండు బాంబులే పడేవి. ఏడాది తిరిగేసరికి ఇరవై పడుతున్నాయి.

అసలు సంగతేమిటంటే, అతను మిలటరీలో వంటవాడు. ఆ సంగతి పేటలో భార్య హన్నమ్మకి ఒక్కదానికే తెలుసు. యుద్ధం రోజుల్లో ఆమె అచ్చంపేట దగ్గర పుట్టింట్లో ఉండేది. అతను రాసిన ఉత్తరాలు బడిపంతులు చదువుతుంటే, పక్కన కూర్చుని ఆమె తల్లి, అంటే కృపావరం అత్తగారు ఆరోగ్యమ్మ కూడా వినేది.

హన్నమ్మ నోటికి గడియ ఉంది. ఆరోగ్యమ్మ నోటికి తలుపులే లేవు. నడుము నొప్పి వల్ల ఎద్దుబండి ఎక్కలేక ఆమె ఇంతవరకు పేట రాలేదు. కృపావరం ప్రార్థనలో లోకంలోని రోగులందరినీ తలుచుకునేవాడు గానీ, అత్తగారి నడుము సంగతి మాత్రం దేవుడికే వదిలేసేవాడు.

"ఏమయ్యో, కోత పండక్కి మా అమ్మని జీపులో తీసుకొద్దాం" అంది హన్నమ్మ ఒక పొద్దున. "వెనకాల మెత్తటి కమాన్లు వేయించు."

కృపావరం సంగటి ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాడు. అత్తగారు వస్తే ఇరవై బాంబులూ తుస్సుమంటాయి. పేటలో తల ఎత్తుకోవడం ఎట్లా?

అతను ఆలోచించుకుంటూ గులాం మొహిద్దీన్ మెకానిక్ షెడ్డుకి వెళ్ళాడు. మొహిద్దీన్ రెండు జతలు చూపించాడు. ఒకటి ఏదో పాత కారుది, సన్నటి పట్టీలు. ఇంకోటి మిలటరీ లారీది, ఒక్కో కట్టా ఎత్తడానికి ఇద్దరు కావాలి.

"కారుది వేసుకో భాయ్. ఊయలే అనుకో" అన్నాడు మొహిద్దీన్.

"లారీదైతేనో?"

"లారీ కమాను లారీకే. ఖాళీ జీపుకేస్తే గాడిద తన్నినట్టే తంతది."

"అదే వెయ్యి" అన్నాడు కృపావరం, మొహం వెలిగిపోతుండగా.

మొహిద్దీన్ అతన్ని ఎగాదిగా చూసి, "నీ ఇష్టం. అస్సాం కొండలెక్కినోడివి, నీకు నేనేం చెప్పేది" అని పానా అందుకున్నాడు.

జీపు తయారైన రోజున కృపావరం భార్యని వెనక కూర్చోబెట్టి సత్తెనపల్లి రోడ్డు మీద రెండు మైళ్ళు తిప్పాడు. హన్నమ్మ పెరుగు ముంతతో ఎక్కింది. దిగేసరికి ముంతలో వెన్న తేలింది.

"చూశావుగా. పాపం, అత్తమ్మ నడుముకి ఇది పడదే" అన్నాడు ఎక్కడలేని దిగులూ మొహాన పులుముకుని. "నాకు మాత్రం తేవాలని ఉండదా?"

హన్నమ్మ ఊడిన కొప్పు ముడేసుకుంటూ కాసేపు కమాన్ల వంకే చూసింది. చిన్నప్పటి నుంచి జొన్నబండ్ల మీద తిరిగిన మనిషి. ఖాళీ బండి ఎట్లా ఎగురుతుందో, గింజల బస్తాలు పడ్డాక అదే బండి ఎంత బుద్ధిగా నడుస్తుందో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

"సరేలే. ఒకసారి పోయి జీపన్నా చూపించొద్దాం. సంతోషపడుద్ది" అంది.

శనివారం పెట్రోలు కూపన్లన్నీ కూడేసుకుని బయల్దేరారు. సత్తెనపల్లి చేరేసరికి కృపావరానికి కూడా నడుమంటే ఏమిటో తెలిసింది. అచ్చంపేట దాటి ఊళ్ళో ఆగేసరికి, దిగిన మనిషి మళ్ళీ కూర్చోనని నిలబడే అన్నం తిన్నాడు.

అన్నం తిని వాకిట్లోకి వచ్చి చూస్తే, జీపు కనబడలేదు. జీపు మీద ఉన్నవే కనబడ్డాయి. చర్చి గుడిలో కోత పండుగ అర్పణకని రెండు జొన్న బస్తాలు, ఒక మిరపకాయల బస్తా, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన మేకపోతు. బస్తాల సందుల్లో బావమరిది దానయ్య, అతని పెళ్ళాం, నలుగురు పిల్లలు. అన్నిటి మీదా బొంత పరుచుకుని ఆరోగ్యమ్మ.

"ఏందే ఇది? అత్తమ్మ నడుము..."

"పోనియ్యి. నడుము సంగతి నేను చూసుకుంటా" అంది హన్నమ్మ ముందు సీట్లో ఎక్కుతూ.

కృపావరం పోనిచ్చాడు. గుంట వచ్చింది, పళ్ళు బిగబట్టాడు. ఏమీ కాలేదు. ఇంకో గుంట వచ్చింది. జీపు మెల్లగా వంగి, మెల్లగా లేచింది. పొద్దున గాడిదలా తన్నిన కమాన్లు ఇప్పుడు కృష్ణలో పడవలా తేలుతున్నాయి. వెనక్కి తిరిగి చూస్తే ఆరోగ్యమ్మ గుర్రు పెట్టి నిద్రపోతోంది.

"లారీ కమాన్లు గదా, లోడు పడితేనే లొంగుతయ్యి" అంది హన్నమ్మ. "మిలటరీలో చెప్పలేదా నీకు?"

మర్నాడు కోత పండుగ. ఆరాధన అయ్యాక గుడి ఆవరణలో అందరూ జీపు చుట్టూ మూగారు. సంఘ పెద్ద యేసుపాదం, "ఆరోగ్యమ్మత్తా, మీ అల్లుడు బాంబుల మధ్యన జీపు తోలాడంట గదా!" అన్నాడు. కృపావరం దాక్కోవడానికి మేకపోతు పక్కన చోటుందేమో అని చూశాడు.

"బాంబులేంది? మా అల్లుడు వంటోడు గదా!" అంది ఆరోగ్యమ్మ, గుడి కప్పు అదిరేలా.

ఒక్కసారి అందరూ గొల్లుమన్నారు. నవ్వు ఆగాక ఆమె ఇంకా గట్టిగా అంది.

"నవ్వుతారేంది? బర్మా నుంచి మనోళ్ళు అడవుల్లో పడి నడిచొస్తే వాళ్ళకి గంజి కాచి పోసింది ఎవురనుకున్నారు? ఒక ముసల్ది గంజి తాగి, 'నీది ఏ ఊరు నాయనా' అని తెలుగులో అడిగిందంట. ఆ ఉత్తరం చదవలేక మా పంతులు ఏడిచాడు. ఇరవై మాట్లు చదివించుకున్నా నేను. నా సంచిలోనే ఉంది."

ఎవరూ నవ్వలేదు. రంగూను వెళ్ళి తిరిగిరాని అయినవాళ్ళు ఆ గుంపులో కొందరికి ఉన్నారు.

"ఇన్ని బాంబులు చెప్పినోడివి, ఈ మాట చెప్పలేదేందిరా?" అన్నాడు యేసుపాదం నెమ్మదిగా. ఇన్నాళ్ళూ సిగ్గుపడి దాచుకున్నది ఇదేనా అని కృపావరానికే ఆశ్చర్యంగా ఉంది.

"ఇంకేంది చూస్తా ఉన్నావు? మేకపోతుని తెచ్చింది దేనికి?" అంది అత్తగారు.

ఆ మధ్యాహ్నం మిలటరీ కృపావరం ఖాకీ కోటు విప్పి, రెండొందల మందికి వండాడు. ఉల్లిపాయలు తరిగేటప్పుడు కళ్ళు ధారలు కట్టాయి. ఉల్లిపాయల వల్లేనని చెప్పాడు, ఎవరూ వాదించలేదు. ఆ మేక కూర, గుమ్మడికాయ పులుసు రుచి పేటలో పెద్దవాళ్ళు చానా కాలం చెప్పుకున్నారు.

దానయ్య వాళ్ళు సాయంత్రమే సత్తెనపల్లి వైపు పోయే ఎద్దుబండెక్కి వెళ్ళిపోయారు. ఆరోగ్యమ్మ మాత్రం అరుగు మీద మంచం వాల్చుకుంది.

"మీ అమ్మని ఎప్పుడు దించాల?" అన్నాడు కృపావరం గిన్నెలు తోముతూ.

"జీపు నిండాలిగా మరి. ఖాళీ జీపులో ఆ నడుము ఆగుద్దా? మెత్తటి కమాన్లు వేసుంటే రేపే దించొచ్చేవాడివి" అంది హన్నమ్మ.

తెల్లారగానే అతను మొహిద్దీన్ షెడ్డుకి వెళ్ళాడు. కారు కమాన్లు మూలనే ఉన్నాయి.

"మార్చేద్దామా భాయ్?"

కృపావరం వాటిని చేత్తో తడిమి చూశాడు. పొద్దున వచ్చేటప్పుడు అత్తగారు, "నిన్నటి పులుసు మళ్ళీ పెట్టు నాయనా" అంది. 'నాయనా' అన్న మాట దగ్గర, గంజి తాగిన ముసల్ది గుర్తొచ్చి, అతను ఆగిపోయాడు.

"ఉండనీలే" అని సంత వైపు నడిచాడు, చింతపండు కొనడానికి.