హద్దులు: నాలుగు దిక్కులా సముద్రం

సోమవారం ఉదయం కరుణ వేసుకున్న పథకం చాలా చిన్నది. బడికి పోయేలోపు పన్నెండు కాగితాలు అత్త గోవిందమ్మ చేతిలో పెట్టాలి. అత్త ఎలాగూ మండల ఆఫీసుకు పోతుంది. తన రెండెకరాలకు సర్వే చేసి హద్దురాళ్లు పాతమని మూడేళ్లుగా ప్రతి సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇవ్వడం ఆమెకు వారవ్రతంలా అయిపోయింది. ఆఫీసు గేటు ముందే వీరేశం దుకాణం. అతను అర్జీలు రాస్తాడు, జిరాక్సులు తీస్తాడు, స్కానింగు చేస్తాడు.

"అత్తమ్మా, ఇవి వీరేశమన్నకియ్యి. స్కాన్ చేసి గీ చిట్టీల ఉన్న మెయిల్‌కు పంపుమను. అయిదు గంటలలోపు పోవాలె. మడత పెట్టకు."

"గివేం కాగితాలే? ఎలుకలు కొరికినట్టున్నయ్."

"గట్లనే ఉండాలె."

అలా ఉండడానికే కరుణ నాలుగు రోజులు కష్టపడింది. హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఓడదొంగల సాహసాల మీద వరసగా వీడియో గేములు తయారు చేస్తోంది. ఆటలో గెలిచినవాళ్లకు బహుమానంగా, ఆ దొంగ తన చేత్తో రాసుకున్నట్టుండే ఆత్మకథ తెరుచుకుంటుంది. మొదటి దొంగ జలరాయుడి కథ నచ్చితే మొత్తం ఆరుగురి ఆత్మకథలూ కరుణవే. "అయిదు దాటితే వేరేవాళ్లది చూస్తాం మేడం" అని కంపెనీ మనిషి జాషువా ఫోనులో ముందే చెప్పాడు. కాగితాలను టీ డికాషన్‌లో ముంచి, ఎండబెట్టి, అంచులు దీపానికి కాల్చి, వాటి మీద రాసింది. పదకొండేళ్లుగా అవే తెలుగు పాఠాలు చెబుతున్న ఆమెకు, తన లోపల ఇంకెవరో ఉన్నారన్న అనుమానం ఎప్పటినుంచో ఉండేది. ఆ ఇంకెవరో ఓడదొంగ అని మాత్రం అనుకోలేదు. ఆమె చూసిన పెద్ద నీళ్లు నాగార్జున సాగర్ ఒక్కటే.

గోవిందమ్మ చిట్టీని రొండిన దోపుకుంది. దుకాణంలో కాగితాలు ఇచ్చింది. చిట్టీ సంగతి మరిచిపోయింది.

వీరేశం ముప్పై ఏళ్లుగా, చేతికొచ్చిన ప్రతి కాగితాన్నీ అర్జీగా మార్చిన మనిషి. కాగితం ఎంత పాతదైతే హక్కు అంత గట్టిదని అతని నమ్మకం. టీ రంగు చూడగానే కుర్చీలోంచి లేచాడు. 'ఆ దీవి నాది, మోసం చేసి గుంజుకున్నారు' అన్న వాక్యం చదివాడు. చివరి పేజీలో పటం చూశాడు.

"అవ్వా! గింత పాత కాగితం ఇంట్ల పెట్టుకొని రెండెకరాల కోసం తిరుగుతున్నవా? మీకు దీవి ఉన్నది!"

"దీవంటే ఎన్ని ఎకరాలుంటది?"

"ఎవలూ కొలవలే. అందుకే సర్వే అడుగుదం. గీ జలరాయుడు మీ మామకు తాత గావచ్చు."

గోవిందమ్మ తల ఊపింది. "మా అత్తగారింటోళ్లు ఏదో దాస్తున్నరని నాకు మొదటి సంది అనుమానమే."

అర్జీ పావుగంటలో తయారైంది. అర్జీదారు గోవిందమ్మ, జలరాయుడి వారసురాలు. హద్దులు: తూర్పు సముద్రం, పడమర సముద్రం, ఉత్తరం సముద్రం, దక్షిణం సముద్రం. జతపరచినవి: పాత కాగితాలు పన్నెండు. గోవిందమ్మ సంతకం చేసి, లోపల ఇచ్చి, రసీదు తీసుకుంది.

మధ్యాహ్నం అన్నం గంటకు కరుణ ఫోను చేసింది. "అన్నా, పంపినవా?"

"పంపుడేంది టీచరమ్మా, మీ దీవి మీద అర్జీ ఇచ్చినం, నంబరే పడ్డది! మిఠాయి తేవాలె నువ్వు."

ఒక పూట సెలవు అడిగి, ఆటో ఎక్కి ఆమె ఆఫీసు చేరేసరికి భూముల విచారణ చూసే గిర్దావర్ రఘుపతి ముందు పన్నెండు కాగితాలూ ఒక మూల చిల్లు పడి, ట్యాగు దారానికి వేలాడుతున్నాయి. ప్రతి పేజీ మీద గుండ్రటి సీలు, ఎర్ర సిరా నంబరు.

"సార్, అవి నావి. తిరిగియ్యుండ్రి."

"అర్జీ తేలకుండ కాగితాలు ఎట్లిస్తం మేడం?"

"అది కథ సార్. జలరాయుడు లేడు. నేనే రాసిన. టీ నీళ్లల్ల ముంచి పాతగ చేసిన."

రఘుపతి కలం కింద పెట్టాడు. "అంటే దొంగ కాగితాలు తయారుచేసి సర్కారుకిచ్చిన్రు. గట్లనే రాసుకోమంటరా?"

నిజం చెబితే నేరం, ఊరుకుంటే దీవి. గోడ గడియారం రెండు చూపించింది. ఇంకో రోజైతే కరుణ తిరిగి వచ్చేసేది. ఎవరైనా కాదనకముందే తానే వెనక్కి తగ్గి, దాన్ని మర్యాద అనుకోవడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. కానీ తుపానులో కూడా తగ్గని మనిషిని పన్నెండు పేజీల నిండా రాసి, తాను ఒక బల్ల ముందు తగ్గడం ఆమెకే సిగ్గనిపించింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సరే సార్. గీ అర్జీ ఎట్ల తేలుతది?"

"జాగా మీదికి పోవాలె. పంచనామా రాయాలె."

"జాగా సముద్రంల ఉన్నది. మీ మండలంల సముద్రం ఉన్నదా?"

రఘుపతి అలవాటు కొద్దీ గోడవారనున్న మండలం పటం, నక్షా తెరిచి, నాలుగు వైపులా వేలు పెట్టి చూశాడు. "లేదు."

"గదే రాయుండ్రి."

"రాస్త. ఇద్దరు సాక్షులు గావాలె. అర్జీదారు ఒప్పుకొని సంతకం పెట్టాలె."

సముద్రం లేదనడానికి వీరేశం ఒక సాక్షి, అటెండరు ఇంకో సాక్షి. ఇద్దరూ వెంటనే సంతకం చేశారు. అర్జీదారు మాత్రం వరండా బెంచీ మీద కదలకుండా కూర్చుంది.

"నేను పెట్ట."

"అత్తమ్మా, దీవి లేదు."

"లేకుంటే ఇంత పరేషాన్ ఎందుకైతున్నవ్? దాంట్ల ఏమున్నదో సదువు. ఇన్నంక జూస్త."

రఘుపతి వరండాలోకి వచ్చి, కట్టను తన చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. కరుణ అతని భుజం మీదుగా చదివింది. మొదటి పేజీ పాఠం చెప్పే గొంతుతోనే సాగింది. రెండో పేజీకి ఆ గొంతు ఎటో పోయింది. అర్జీలు పట్టుకొచ్చిన ముప్పై మందీ వరుస వదిలి చుట్టూ మూగారు.

"ఓడల గొర్లు పడతయా అమ్మా?" అన్నాడు ఒకాయన.

"నోరు ముయ్యి. తుపాను వచ్చింది, కనబడ్తలేదా?" అంది పక్కనున్నామె.

తొమ్మిదో పేజీలో జలరాయుడు తల్లిని రేవులో కూర్చోబెట్టి, తెల్లారేసరికి వస్తానని చెప్పి ఓడ ఎక్కుతాడు. మళ్లీ రాడు. ముప్పై ఏళ్ల తర్వాత దీవి దొరికితే దానికి ఆమె పేరు పెడతాడు. కరుణ తల ఎత్తేసరికి, గొర్ల సంగతి అడిగినాయన తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. తాను రాసిన వాక్యం ఇంకో మనిషి ముఖంలోకి దిగడం ఆమె జీవితంలో మొదటిసారి చూసింది.

గోవిందమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పేరు పెడితే తల్లికి బువ్వ పెట్టినట్టా? గిసొంటోని ఆస్తి మనకొద్దు. ఏడ పెట్టాలె సంతకం?"

'విచారణలో ఈ మండల పరిధిలో సముద్రం లేనట్టు తేలినందున అర్జీ ముగించడమైనది' అని రఘుపతి ఉత్తర్వు రాసి, సీలు కొట్టి, కట్ట విప్పి ఇచ్చేసరికి నాలుగున్నర దాటింది. చిల్లులు, సీళ్లు, ఎర్ర నంబర్లు. నాలుగు రోజుల కష్టం పాడైపోయిందని కరుణకు తెలుసు. అయినా అత్త రొండిలోంచి చిట్టీ లాక్కుని, గేటు ముందున్న దుకాణానికి పరుగెత్తింది.

"ఎట్లుంటే గట్లనే పంపన్నా."

వీరేశం పదమూడు కాగితాలు పంపాడు. ఆఖరి ఉత్తర్వు లేని దస్త్రం అతని చేతి మీదుగా ఎన్నడూ పోలేదు. అయిదుకు రెండు నిమిషాలు తక్కువ.

అయిదుంబావుకు జాషువా ఫోను చేశాడు. కరుణ క్షమాపణ సిద్ధం చేసుకునే ఎత్తింది.

"మేడం, ఆ సీళ్లు! ఆ ఎర్ర సిరా! పైగా సముద్రమే లేదని చివర్లో సర్కారు ఉత్తర్వు! ఎలా తట్టింది మేడం మీకు?"

"నాకు తట్టలే. మా గిర్దావర్ సారుకు తట్టింది."

అతను నవ్వాడు. "కథ మాకు చాలా నచ్చింది. మిగిలిన ఐదుగురివీ మీరే రాయాలి. కాగితాలు మాత్రం అచ్చం ఇట్లాగే ఉండాలి."

ఎదురుగా ఆఫీసు కిటికీలో రఘుపతి బీరువాకు తాళం వేసుకుంటున్నాడు. కరుణ అతన్ని నిదానంగా చూసింది. "వస్తయి. సోమవారానికొకటి" అంది.

జలరాయుడి దీవి ఒక్క పూటలో తేలిపోయింది. గోవిందమ్మ రెండెకరాలు ఇంకా విచారణలో ఉన్నాయి.