నంబరు లేని కారు

ఆ రోజు ప్లాను చాలా చిన్నది. పదింటికి రవాణా శాఖ ఇన్‌స్పెక్టరు వస్తాడు, కారు చూస్తాడు, పాతకార్ల ధ్రువపత్రం రాసిస్తాడు. పదకొండింటికి డ్రాయింగు మాస్టారు తన భార్యను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఆవిడ చెల్లెలింటికి తీసుకెళ్తారు. మోకాళ్ల నొప్పులతో బస్సెక్కలేక ఆవిడ చెల్లెల్ని చూసి రెండేళ్లయింది. తొమ్మిదింటికే మంచి బట్టలు కట్టుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని షెడ్డు ముందు కూర్చుంది. మాస్టారు ఆ షెడ్డులో బాగుచేస్తున్న పాతకారు తయారవుతుందని పదకొండేళ్లుగా ఎదురుచూసిన మనిషికి ఇంకో రెండు గంటలు ఓ లెక్కా?

రూలు కూడా చిన్నదే. యాభై ఏళ్లు దాటిన కారు తయారైనప్పటి రూపంలోనే ఉంటే రోడ్డెక్కవచ్చు. లేదంటే నెలాఖరులోగా తుక్కు యార్డుకు అప్పగించాలి. రాసినవాడెవడో జన్మలో ఒక్క స్క్రూ బిగించి ఉండడు.

ఇన్‌స్పెక్టరు కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "బాగుంది మాస్టారూ. మరీ బాగుంది," అంటూ బానెట్ ఎత్తి టార్చి వేశాడు. "ఛాసిస్ నంబరేదీ?"

మాస్టారు వంగి చూశారు. నంబరు ఉండాల్సిన చోట ఇనుము అద్దంలా మెరుస్తోంది. పోయిన వారం అక్కడ తుప్పు కనబడితే మూడు రోజులు గరుకు కాగితంతో రుద్ది రంగేశారు. తుప్పుతో పాటు నంబరూ పోయింది. తుప్పంటే ఆయనకు అంత కసి.

"నంబరు లేకుండా ఇది ఏ కారని రాయమంటారు?"

"అదెంతసేపు సార్! నంబరు నాకు కంఠతా వచ్చు. ఉలి తెచ్చి ఉన్నది ఉన్నట్టు చెక్కేస్తాను. మీరు కూడా గుర్తుపట్టలేరు."

ఇన్‌స్పెక్టరు కలం ఒక్క క్షణం ఆగి, చకచకా కదిలింది.

తాను నోరు తెరవకపోతే ఏ పనీ జరగదని నమ్మే మాస్టారి బావమరిది అప్పుడు ముందుకొచ్చాడు. "మా బావ పనితనం మీకు తెలీదు సార్. ఈ తలుపులు చూశారా? రేకు కొట్టి సొంతంగా చేసినవే. పైకప్పూ అంతే. ఆ మీటర్లలో అంకెలన్నీ బావే గీశాడు. కంపెనీవాడొచ్చినా తేడా కనిపెట్టలేడు!"

"తలుపులు కొత్తవి. పైకప్పు కొత్తది," ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. "అంటే ఇది పాతకారు కాదు. ఇంట్లో తయారైన కొత్త కారు. లైసెన్సు లేకుండా కార్లు తయారుచేస్తే కేసవుతుంది, తెలుసా?"

కేసనగానే మాస్టారి భార్య మోకాళ్లు పట్టుకుని లేచింది. "కొత్తదేంటి బాబూ! కింద చూడండి, అంతా చిల్లులే. ఆయన పైపైన రంగు పూశారు గానీ ఇది ఉత్త తుక్కు!"

మొగుణ్ణి కాపాడాలనే అంది, పాపం. ఇన్‌స్పెక్టరు "తుక్కు" అని రాసుకుని యార్డుకు ఫోన్ చేశాడు. మాట్లాడేకొద్దీ అతని మొహం వాడిపోయింది.

"నంబరు లేని బండిని వాళ్లు తీసుకోరట. ముక్కలు చెయ్యాలన్నా ముందు రిజిస్టర్లో నంబరు ఎక్కాలట."

చివరికి బానెట్ దించి, కాగితాన్ని దాని మీదే పెట్టుకుని, "పరిశీలించగా వాహనమేదీ కనిపించలేదు" అని రాసి సంతకం చేశాడు. "కానీ మాస్టారూ, ఇది గేటు దాటిందో, కేసు తప్పదు," అని చెప్పి వెళ్లిపోయాడు.

మాస్టారి మొహం వెలిగిపోయింది. "గండం గట్టెక్కిందే! ఇక దీన్ని ఎవడూ ముట్టుకోలేడు!" గుడ్డ తీసుకుని బానెట్ మీద ఇన్‌స్పెక్టరు వేలిముద్రలు తుడవడం మొదలుపెట్టారు. పక్కన ఒక మనిషి సంచి పట్టుకుని నిలబడి ఉందన్న సంగతే ఆయనకు తట్టలేదు.

"మరి మా చెల్లెలిల్లు?"

"విన్నావుగా, గేటు దాటకూడదు," అన్నారు తల తిప్పకుండానే.

"నా మోకాళ్లు బాగున్నప్పుడు మొదలుపెట్టారు ఈ కారు," అంది ఆవిడ. ఆయన రెండో వైపు తుడుస్తున్నారు.

ఆవిడ గేటు తీసుకుని మెల్లగా వీధి చివరిదాకా నడిచింది. బస్సులో నిలబడటానికి చోటు దొరికింది.