ఖాళీ గడికి జోహారు

కంప్యూటర్‌ను మించిన దైవజ్ఞుడు లేడు. మనం నోరు విప్పకముందే మన జవాబు చెప్పేస్తుంది! నమ్మరా?

నేను మాటల మనిషిని కాను. మా ఇంట్లో నేను "ఊఁ" అంటే ఉపన్యాసం కింద లెక్క. మౌనం అర్ధాంగీకారం అని పెద్దలు సగంలో వదిలేశారు. మిగతా సగం తేల్చేదెవరు? ఆ భారం ఇప్పుడు ఆసుపత్రి కంప్యూటర్ నెత్తిన వేసుకుంది.

మా ఆవిడ కళ్ళకు పొర కమ్మింది. ఉప్పు డబ్బా, పంచదార డబ్బా ఆమెకు ఒకటే అయిపోయాయి. టీ ఎలా ఉంటుందో చెప్పను. తాగేస్తాను.

ఆపరేషన్‌కని ఫారం నింపాను. "తోడు వచ్చేవారు ఉన్నారా? అవును / కాదు" అన్న గడి వదిలేశాను. పక్కనే నిలబడి నింపుతున్నవాణ్ణి, నా గురించి నేను రాసుకోవడమేమిటి?

ఆపరేషన్ రోజున కౌంటర్ దగ్గరి అమ్మాయి తెర చూసి తల అడ్డంగా ఊపింది.

"తోడెవరూ లేరని ఉంది పెద్దమ్మా. తోడు లేకపోతే డాక్టరుగారు చెయ్యరు. కేన్సిలైపోయింది."

మా ఆవిడ నా మోచెయ్యి పైకెత్తి చూపించింది. "మరి నేను పట్టుకున్నదేంటమ్మా, గొడుగా?"

"ఆయన ఉన్నారండీ. సిస్టంలో లేరు."

"ఇంట్లోనూ అంతేలే" అంది మా ఆవిడ.

చూశారా! ఇన్నేళ్ళ కాపురంలో ఆమె కనిపెట్టిన రహస్యాన్ని కంప్యూటర్ ఒక్క ఖాళీ గడితో పట్టేసింది! "తోడెవరైనా వచ్చారా?" అని మనిషిని అడగడం ఎంత దండగ! అడిగితే నోటి ముత్యాలు రాలిపోవూ?

ఈ న్యాయం అన్నిచోట్లా రావాలి. టిక్కెట్టు తీసుకున్నారా అని కండక్టర్ అడిగినప్పుడు దగ్గు అడ్డొచ్చిందా, బస్సు ఆపి దింపెయ్యాలి. పంటి డాక్టరు నోట్లో పట్కారు పెట్టి "నొప్పిగా ఉందా?" అన్నప్పుడు పలకలేదా, లేదని రాసుకుని పీకెయ్యాలి!

పోనీలే, ఖాళీ అంటే "కాదు" అనే లెక్క, యంత్రానికి ఒకటే మాట అని సరిపెట్టుకున్నాను. ఆపరేషన్‌కు మళ్ళీ వరస మొదటికొచ్చింది.

ఈలోగా ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఆ ఫారం వెనక "మా సేవలతో తృప్తి చెందారా?" అని ఇంకో గడి ఉందట. అదీ ఖాళీగానే వదిలానట. "మా సేవలతో తృప్తి చెందినందుకు ధన్యవాదాలు!"

మా ఆవిడ తడుముకుంటూ వచ్చి ఉప్పు టీ నా ముందు పెట్టింది. మెసేజ్ చదివి వినిపించాను.

"మీరేమీ అనలేదా?" అంది.

ఆ గడి ఇవాళ నింపుతున్నాను. కాదు.