కూర్మన్నపాలెం చక్రసంగ్రామము

కలియుగమున, ప్రథమపాదమున, తూర్పుకనుమలు సముద్రంలోకి కాళ్ళు చాచి సేదదీరు తావున, ఓడరేవుకు నైరుతి దిక్కున, ఉక్కు కర్మాగారపు అగ్నికుండములకు ఉత్తరాన, సిటీబస్సుల సింహనాదములతోను ఆటోల శంఖారావములతోను అహోరాత్రములు దద్దరిల్లు కూర్మన్నపాలెమను మహాకూడలికి కూతవేటు దూరమున, కార్తీకమాసపు చలిగాలి ఉప్పువాసనను మోసుకొచ్చిన ఒకానొక ఆదివారపు ఉదయాన, రెండవ విడత టీ ఇంకను చల్లారకమునుపే, ఆలుమగల నడుమ ఒక ఘోరసంగ్రామము రేగెను. కారణము రాజ్యము కాదు, రత్నహారము కాదు. కారుకు వేయవలసిన నాలుగు చక్రములు.

ఆ భర్త నామధేయము సాయిశంకర్. ఉక్కు కర్మాగారమున క్రేను నడుపువాడు. సలసల కాగు లోహము నిండిన మహాపాత్రలను పూలబుట్టలవలె చుక్క తొణకకుండ తరలించు ధీరుడు. అట్టివాడు తన చిన్న ఎర్రకారు ఎక్కెనా, ఒళ్ళు మరచి, వంపు వచ్చిన సంగతిని వంపు దాటిన పిదప తెలిసికొనువాడు. ఆ భార్య హిమబిందు. సీతమ్మధారలోని ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. వారమంతయు పరుల మోకాళ్ళు వంచి, పరుల భుజములు తిప్పి, పరుల నడుములకు నడక నేర్పి, తన నడుము పట్టుకొని ఇల్లు చేరు వీరనారి. ఈ ఇరువురికిని ఉమ్మడిగా ఒకే కారు, ఒకే పిచ్చి. ఆ పిచ్చి పేరు ఆటోక్రాస్.

ఆటోక్రాస్ అననేమి? విశాలమైన ఖాళీ మైదానమున నారింజరంగు ప్లాస్టిక్ కోనులను వంకరటింకరగా నిలుపుదురు. కారు వెంట కారుగా బరిలో దిగి, ఆ కోనుల నడుమ పామువలె మెలికలు తిరిగి, ఎవరు త్వరగా బయటపడుదురో వారిదే గెలుపు. కోనును పడగొట్టిన పాపాత్ములకు రెండేసి సెకన్లు అదనముగా వడ్డింతురు. సంసారులు, ఉద్యోగులు, సొంతకార్లవారు తమ సరదాకై ఆడు ఆట ఇది. అయినను ఓడినవాడికి ఆ రాత్రి అన్నము సయించదు.

గడచిన ఏటి పోటీలో మన దంపతులు చివరి రెండు స్థానములను అన్యులకు దక్కనీయక తామే ఆక్రమించిరి. వారికి సరిగ్గా పై మెట్టున నిలిచినవాడు గవర్రాజు. ఇతడు సాయిశంకర్‌కు స్వయానా అక్క మొగుడు, చేపలరేవులో ఐసు వ్యాపారి. ఆ విజయమును అతడు పెళ్ళిళ్ళలోను పేరంటములలోను తలచి తలచి చెప్పుచుండెను. పరాజయమునకు హేతువు టైర్లేనని దంపతులిద్దరును తేల్చిరి. ఏలయన అవి తిరుమల పోయి వచ్చిన గుండ్లవలె నున్నగా మెరయుచుండెను.

అంతట సాయిశంకర్ టీగ్లాసు బల్లపై మోపి, మేఘగంభీరస్వరమున ఇట్లు ప్రతిన పూనెను:

“సూడు బిందూ, ఒట్టేసి సెప్తన్నాను. ఈపాలి కూడా అడుగునే ఉన్నామనుకో, హెల్మెట్లు అటకెక్కించీడమే. ఆదివారాలు ఇంటికాడే తొంగుందుం. ప్లాంటులో నన్ను సూసి నవ్వుతన్నారు, తెల్సా?”

ఆ మైదానమున స్టీరింగు చేపట్టిన కొద్ది నిమిషములే వారము మొత్తమున హిమబిందుకు తనవి. అక్కడ ఎవరి మోకాలూ నొప్పి అనదు. అక్కడ ఆమె పళ్ళు బిగించును, కేకలు వేయును, ఒంటరిగా పకపక నవ్వును. ఆ నవ్వు అటకెక్కునన్న తలంపే ఆమెకు భరింపరానిదాయెను.

“లెగండి. టైర్ల కొట్టుకి ఎళ్దాం,” అనెను.

ఆ కొట్టు జగ్గారావుది. గుమ్మము మొదలు దూలము దాక ఒకదానిపై ఒకటిగా పేర్చిన నల్లని టైర్ల గోపురముల నడుమ, రబ్బరు వాసనయే ధూపముగా, గాలియంత్రపు రొదయే మంగళవాద్యముగా, స్టూలుపై ఆసీనుడైన ఆ మహానుభావుడిని చక్రవర్తి అనక మరేమందుము? అన్ని చక్రములు ఆ చుట్టుపక్కల మరెవ్వరికి ఉన్నవి?

అచ్చట గోడకు వేలాడుచున్న పదహారంగుళముల అలాయ్ చక్రములు సాయిశంకర్ కంటబడెను. అమావాస్య నలుపు. అద్దము మెరుపు. పిడిబాకులవంటి ఐదు ఆకులు. అతని అడుగులు ఆగెను, రెప్పలు వాలుట మానెను.

“బిందూ, ఇటు సూడే! ఎలాగ మెరిసిపోతన్నాయో! ఇవి ఏసుకుని దిగితే కోన్లు భయపడి వాటంతటవే తప్పుకుంటాయి!”

హిమబిందు సమీపించి, రెండు చేతులతో ఒక చక్రమును పైకెత్తబోయి, నడుము పట్టుకొని దించెను.

“ఏటండీ ఇది, సక్రమా, రుబ్బురోలా?”

పిదప మూలన దుమ్ముకొట్టుకొని పడియున్న పద్నాలుగంగుళముల చక్రమును ఒంటిచేత అవలీలగా ఎత్తి నిలిచెను. అది బూడిదరంగుది. దానికి మెరుపు లేదు, సొగసు లేదు. పెండ్లిలో మూలన కూర్చున్న పినతండ్రివలె ఉండెను. దానిని చేతబూని ఆ వీరనారి కొట్టు దద్దరిల్లునట్లు ఇట్లు పలికెను:

“వినండి! నా పేషెంట్లకి కాలికి ఇసకసంచీ కట్టి ఎత్తమంటాను. సిన్న సంచీకే పెద్దపెద్దోళ్ళు ‘అమ్మో’ అంటారు. అలాంటిది మన బండి నాలుగు కాళ్ళకీ నాలుగు రుబ్బురోళ్ళు కట్టీసి, పరిగెత్తూ, ఆగూ, తిరుగూ అంటే ఏటి తిరుగుద్ది పాపం? మనది సిన్న ఇంజను. దానికి తేలిక సక్రం కావాలి. దాని మీద మెత్త రబ్బరు టైరు కావాలి. మనం ఫొటో దిగడానికి ఎళ్తన్నామేటి? నేలని గట్టిగా పట్టుకోడానికి ఎళ్తన్నాం!”

అందులకు సాయిశంకర్ రొమ్ము విరిచి, “బండికి సక్రం, మొగోడికి మీసం ఒకటే! మీసం బరువైపోయిందని గొరిగీసుకుంటామేటి?” అని గర్జించెను. మీసము మిక్కిలి పలుచనివాడు ఈ మాట అనుట విశేషము.

ఇరువురును న్యాయము చెప్పుమని జగ్గారావు వంక తిరిగిరి. ఆయన స్టూలును రెండడుగులు వెనుకకు జరిపి, “నన్ను మద్దిలోకి లాగకండి బాబూ. నల్లవీ మంచివే, బూడిదవీ మంచివే. మీరిద్దరూ మంచోల్లే,” అని ధర్మసూక్ష్మము వచించెను. సాయిశంకర్ మొగమున ఆశ చూచి జాలిపడి, “పోనీ, నల్లవి ఇయ్యాల్టికి ఏసుకెళ్ళండి. నచ్చకపోతే గీత పడకుండా తెచ్చీండి, మార్చీసుకోవచ్చు,” అనెను.

అట్లు ఆ ఎర్రరథమునకు లావైన టైర్లతో కృష్ణచక్రములు అమరెను. సాయిశంకర్ చుట్టును మూడు ప్రదక్షిణలు చేసి రథమెక్కెను. హిమబిందు పక్కన కూర్చుండెను. నేరుగా పోయినంతసేపు అంతయు వైభవమే. బస్సులోని జనులు తల తిప్పి చూచిరి. ఒక ఆటోవాడు బొటనవేలు ఎత్తి చూపెను. తొలి మలుపు వచ్చెను. సాయిశంకర్ స్టీరింగు తిప్పెను.

గర్ర్‌ర్‌ర్!

“రోడ్డు బాగోలేదు,” అనెను.

రెండవ మలుపు. గర్ర్‌ర్‌ర్!

“ఈ రోడ్డూ బాగోలేదు.”

లావైన ఆ టైరు తిరిగినప్పుడెల్ల లోపలి ప్లాస్టిక్ కవచమును ఒరుసుకొని ఆక్రందించుచుండెనని ఇరువురికిని తెలియును. హిమబిందు కిటికీ వంక చూచుచుండెను. ఆమె పలుకని పలుకులు శరపరంపరగా అతని చెవిని తాకుచుండెను.

అయినను అతడు వెనుదీయలేదు. ఆ సొగసును బావకు చూపక తీరదని గాజువాకలోని గవర్రాజు ఇంటి వీధికి రథమును మరలించెను. ఆ వీధి ఇరుకు. చివర మలుపు మరింత ఇరుకు. స్టీరింగు చివరంటా తిప్పగా పుట్టిన హాహాకారమునకు వీధికుక్కలు లేచి మొరిగెను, ఎదురింటివారు గేటు దగ్గరకు వచ్చిరి, లోపలినుండి అక్క “ఏటైందిరా?” అని గరిటెతో పరుగెత్తుకొని వచ్చెను. గవర్రాజు లుంగీ పైకి మడిచి, కారు చుట్టును నింపాదిగా తిరిగి, వంగి, చూచి, లేచి, తీరికగా ఇట్లనెను:

“బామ్మర్దీ, పెళ్ళికొడుకులాగుంది బండి. తిన్నగా ఎళ్ళినంతసేపూ నీకు తిరుగులేదు. ఎటొచ్చీ, ఆ మైదానంలో తిన్నగా ఎళ్ళడానికి జాగా ఎక్కడుంది?”

ఆ వాగ్బాణము సూటిగా తగిలెను. అక్క పోసిన టీ సాయిశంకర్‌కు చేదాయెను.

తిరుగుదారిలో అతడు కూర్మన్నపాలెము కూడలిలో ఎర్రదీపమునకు ఆగినప్పుడు, ముందున్న లారీ వెనుకభాగమును తదేకముగా చూచుచు, సన్నని గొంతుతో మొదలుపెట్టెను.

“నాను ఏటంటన్నానంటే... ఆ బూడిద సక్రాలు మరీ అంత అసయ్యంగా ఏటీ లేవు.”

“నాను అసయ్యంగా ఉన్నాయన్లేదే?”

“నువ్వన్లేదులే. నానే అనుకున్నాను.”

“ఊఁ.”

“ఇప్పుడు నానే అంటన్నాను, బాగున్నాయని.”

హిమబిందు మొగము కిటికీవైపు తిప్పుకొనెను. ఆమె భుజములు కదలుచుండుట మాత్రము అతనికి కనబడెను. “నవ్వకు,” అనెను. తానును నవ్వెను. వెనుకనున్న బస్సు హారను మ్రోగించెను.

ఏ గీతయు పడని కృష్ణచక్రములను జగ్గారావు తిరిగి గోడకు తగిలించి, బూడిద చక్రములకు మెత్తని టైర్లు ఎక్కించుచు హెచ్చరించెను: “ఇవి మైదానంలో బంకలాగ పట్టీసుకుంటాయమ్మా. కానీ రోజూ తిప్పారంటే ఇట్టే అరిగిపోతాయి.”

దంపతులు ఒకరినొకరు చూచుకొనిరి. పాత గుండు టైర్లు రోడ్డుకు పనికిరావు, వేరొక జత చక్రములకు తాహతు లేదు. సీతమ్మధార దగ్గర కాదు.

“నాను బస్సులో ఎళ్తానండీ,” అనెను హిమబిందు.

కిక్కిరిసిన ఉదయపు బస్సులో నిలువుకాళ్ళ తపస్సు చేయుటకు ఆమె ఒప్పుకొనెను! ఆ త్యాగమునకు చలించిన సాయిశంకర్, “అయితే ప్లాంటుకి నాను సైకిల్ తొక్కుతాను. బండి ముట్టుకోను,” అనెను. ఆ ప్రకారమే పోటీదినము దాక ఆ ఎర్రకారు గోనెపట్టా కింద రాజభోగము అనుభవించెను. యజమానులు చెమటోడ్చిరి.

పోటీదినము వచ్చెను. ఆనందపురము దాటిన పిదప, ఒకప్పుడు లారీలు నిలిపిన పెద్ద మైదానమున కోనులు బారులు తీరెను. ఇంజనుల హుంకారములు, మైకువాని ఢంకాధ్వానము, మిరపకాయబజ్జీల ధూమపటలము దిక్కులనావరించెను. హిమబిందు సుద్దముక్క చేతబట్టి ప్రతి టైరు అంచున ముగ్గు పెట్టినట్లు గీతలు గీసెను. మలుపులో టైరు ఎంత వాలుచున్నదో, గీత ఎంతమేర చెరుగునో చూచి, గాలి చాలునో చాలదో నిర్ణయించు ఉపాయమది.

మొదట సాయిశంకర్ దిగెను. క్రేను మీది నిదానమును ఇంటనే మరచి, సుడిగాలివలె చొచ్చి, వంపు వెంట వంపు దాటి, కడపటి వంపున మూడు కోనులను ఒక్కుమ్మడిగా నేలకూల్చెను. మైకు ఆ మూడింటికిని విడివిడిగా సంతాపము ప్రకటించెను. అతడు తల వంచుకొని దిగివచ్చుసరికి హిమబిందు అప్పటికే టైరు పక్కన మోకరిల్లి ఉండెను.

“సూడండి, గీత మొత్తం సెరిగిపోయింది. టైరు పక్కకి వాలిపోతంది. గాలి సాలదు.”

“అంటే కోన్లు పడ్డం నా తప్పు కాదా?”

“మీ తప్పే. కానీ గాలి కూడా సాలదు. కొట్టండి.”

అతడు కాలిపంపు తెచ్చి, షర్టు చేతులు మడిచి, నాలుగు చక్రములకును ప్రాణవాయువు ఊదెను. చెమట కారెను. ఆమె కొలిచి, “ఇంకొంచెం,” అనెను. అతడు తొక్కెను. “ఇంకొంచెం.” తొక్కెను. “సాలు!” అనునంతలో గవర్రాజు తన కారుతో బరిలోనుండి వెలుపలికి వచ్చెను. ఒక్క కోను కూడ పడలేదు. అద్దము దించి, “సెల్లీ, నిదానంగా ఎళ్ళు, తొందరేటీ లేదు,” అని నవ్వెను.

హిమబిందు హెల్మెట్ బిగించెను. జెండా ఊగెను.

అప్పుడు ఆ బూడిదచక్రములు నేలను పట్టినవి చూడుడు! ఎడమకు తిప్పిన ఎడమకు, కుడికి తిప్పిన కుడికి, దారపు చివర కట్టిన గాలిపటమువలె కారు ఆమె చేతిని అనుసరించెను. రబ్బరు కీచుమనెను, ధూళి లేచెను, కోనులు ఇరువైపుల తృటిలో తప్పిపోయెను. ఆమె పళ్ళు బిగించెను, కేకలు వేసెను. కడపటి వంపున వెనుకచక్రములు ఒక్క పిసరు జారెను. కారు తోక కోనును తాకెను. కోను ఊగెను. తూర్పుకు వాలెను, పడమరకు వాలెను. మైదానమంతయు ఊపిరి బిగబట్టెను. సాయిశంకర్ పంపును గుండెలకు హత్తుకొనెను.

కోను నిలిచెను.

మైకు మ్రోగెను. గవర్రాజు కాలముకన్న హిమబిందు కాలము రెప్పపాటులో పదోవంతు తక్కువ! గవర్రాజు మైకువానిని మరొక్కమారు చదువుమని అడిగెను. వాడు చదివెను. మరల చదువుమనెను. వాడు మరింత గట్టిగా చదివెను.

ఓ దిక్పాలకులారా, ఓ రేవులోని నౌకలారా, ఓ ఉక్కు కొలుములారా, వినుడు! మహామహుల నడుమ, మెరుపుకార్ల నడుమ, కూర్మన్నపాలెము ఆడపడుచు హిమబిందు అడుగునుండి మూడవ స్థానమును జయించెను! ఆమె కారు దిగి, హెల్మెట్ తీయకయే బిగ్గరగా నవ్వుచుండెను. గవర్రాజు ఆమె కారు పక్కన గొంతుక్కూర్చుండి, “సెల్లీ, ఈ టైర్లు ఏ కొట్టులో కొన్నారు?” అని అడుగుచుండెను.

మైదానమున అందరికన్న బిగ్గరగా ఈలలు వేయుచు, పంపును గదవలె తిప్పుచు గెంతుచున్నవాడిని చూచి, బహుమతుల బల్ల దగ్గరి పెద్దమనిషి అబ్బురపడి, “అయ్యా, తమరికి ఎన్నో స్థానం వచ్చింది?” అని ప్రశ్నించెను.

“నాకా? ఆఖరు!” అనెను సాయిశంకర్, రొమ్ము విరిచి. “ఆవిడ టైర్లకి గాలి కొట్టింది నానే!”