మెడలోతు బురద సిద్ధాంతం

ఒక పెద్ద అడవిలో ఏ అధ్యక్షుడికైనా ఏడాదే గడువు. పన్నెండు అమావాస్యలు గడవగానే మడుగు ఒడ్డున ఉన్న నల్లబండ దిగి, పోయి వెనక వరసలో కూర్చోవాలి. బండ మీద ఉన్నన్నాళ్లూ మడుగులో మొదటి గుక్క అధ్యక్షుడిదే.

చిక్కల్లా ఒక్కటే. అక్కడ ఎవరికీ అమావాస్యల లెక్క నిలవదు. అందుకని అమావాస్యలు గుర్తుపెట్టుకునే పని నిదానమ్మ అనే తాబేలుకు అప్పగించారు. తన వయసెంతో ఆవిడకు తెలియదు కానీ అమావాస్యలు మాత్రం నాలుక చివర ఉండేవి. రోజూ పొద్దున్నే, "తొమ్మిది అయ్యాయి, పదోది నడుస్తోంది" అని ఒకసారి పైకి అనుకుంటేగానీ ఆకు ముట్టేది కాదు.

ఈ మధ్య మూడుసార్లు అనుకుంటోంది.

మొన్న మడుగుకు వెళ్లి, తాగిందో లేదో గుర్తు రాక మళ్లీ తాగింది. నీళ్లే కదా, నష్టం లేదని సర్దిచెప్పుకుంది. నిన్న కొండముచ్చు గంతులయ్యను వాళ్ల తాత పేరు పెట్టి పిలిచింది.

"తాత పోయి ఆరేళ్లయింది అవ్వా," అన్నాడు గంతులయ్య.

"అయ్యో పాపం! నాకెవరూ చెప్పలేదే!"

అప్పట్లో ఆ కబురు మోసుకొచ్చింది గంతులయ్యే. ఆ మాట అనకుండా వాడు చెట్టెక్కేశాడు. అనకపోవడమే నిదానమ్మకు గుచ్చుకుంది. రేపు అమావాస్యలు కూడా ఇలాగే జారిపోతే?

ఆ ఏడాది బండ మీద ఉన్నది గంగడోలయ్య అనే అడవిదున్న. ఆయన నీళ్లు తాగడమంటే మూతి ఆనించి తాగడం కాదు, నాలుగు కాళ్లతో మడుగులోకి దిగి తాగడం. ఆయన తాగి వెళ్లాక మిగతావాళ్లకు మిగిలేది బురద. గడువు దగ్గరపడేకొద్దీ ఆయనకు ఆ బండ మరీ చల్లగా అనిపించసాగింది.

"దిగడానికి నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు సభలో. "కానీ దిగమని చెప్పేదెవరు? తాగిన నీళ్లు గుర్తుండని ముసలమ్మ! ఇలాంటి విషయాలు శాస్త్రానికి వదిలేయాలి."

శాస్త్రమంటే ముళ్లపంది. వీపు నిండా కలాలు మొలిచినవాడు ఆచార్యుడు కాక ఇంకేమవుతాడు? అడవుల పాలనలను పక్కపక్కన పెట్టి పోల్చడం ఆయన విద్య.

"ఆచార్యా, చుట్టుపక్కల అడవులు చూసి రండి," అన్నాడు గంగడోలయ్య. "జ్ఞాపకాల ముసలమ్మలు లేని అడవులే ప్రశాంతంగా ఉంటాయని తేల్చుకురండి."

"చూశాక కదండీ తేలేది?"

"ముందే తేల్చుకుని వెళ్తే చూడటం తేలిక కదా!"

ఇంత చక్కటి పద్ధతి తనకెందుకు తట్టలేదా అని ఆచార్యుడు ఆశ్చర్యపోతూ బయలుదేరాడు.

కొన్నాళ్లకు తిరిగొచ్చాడు. కలాలు సగానికి సగం ఊడిపోయాయి గానీ మొహం వెలిగిపోతోంది. ఒక అమావాస్య మర్నాడు పొద్దున సభ పెట్టారు. నిదానమ్మ ముందు వరసలో, మెడ సగం లోపలికి లాక్కుని కూర్చుంది.

"మా పద్ధతి చాలా సులువు," మొదలుపెట్టాడు ఆచార్యుడు. "అచ్చం మనలాంటి అడవులనే తీసుకోవాలి. అవే చెట్లు, అదే ఎండ, అవే ఆకళ్లు. అన్నీ ఒకటై ఏదో ఒక్కటి వేరయితే, ఆ వేరయిందే కారణం. నేను ఆరు అడవులు తిరిగాను. నాలుగింటి సంగతి చెబుతాను."

"మిగతా రెండూ?" చెట్టు మీంచి అడిగాడు గంతులయ్య.

"అవి నా సిద్ధాంతానికి సహకరించలేదు. వదిలేశాను."

"నాలుగూ ప్రశాంతంగా ఉన్నాయని ఎలా తెలిసింది పంతులూ?"

"అడిగాను నాయనా. ఒక్కో జింకనూ పిలిచి, మీ అడవి ప్రశాంతమేనా అని అడిగాను. నూటికి నూరుమంది అవునన్నారు."

"ఎక్కడ నిలబెట్టి అడిగావు?"

"అధ్యక్షులు చిరుతగారి పక్కన. నీడ అక్కడే ఉంది మరి."

"ఒక్కరూ కాదనలేదా?"

"ఒక కుందేలు కాదంది. కానీ దాని జవాబు లెక్కలోకి తీసుకోలేదు. రెండో ప్రశ్నకు అది అందుబాటులో లేదు."

సభ గుసగుసలాడింది. గంగడోలయ్య గిట్టతో బండ మీద కొట్టాడు.

"అసలు విషయానికి వస్తాను," అన్నాడు ఆచార్యుడు. "నాలుగు అడవుల్లోనూ జ్ఞాపకాల పెద్ద లేరు. నాలుగింటిలోనూ అధ్యక్షుడు పోయేదాకా అధ్యక్షుడే. ఇక నేను కనిపెట్టిన గొప్ప సంగతి! నాలుగింటిలోనూ సభకు ముందు అధ్యక్షుడు బురదగుంటలో మెడలోతు కూర్చుంటాడు. ఆయన లేచేదాకా ఎవరూ నోరెత్తకూడదు. ఆయన లేవడు. పొద్దు వాలుతుంది, అందరూ ఇళ్లకు పోతారు. ఒక్క గొడవ లేదు, ఒక్క ఫిర్యాదు లేదు!"

"చిరుత కూడా బురదలోనేనా?"

"కళ్లు మూసుకుని కూర్చుంటాడు పాపం. ఒకచోట అయితే అలవాటనుకోవచ్చు. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగుచోట్ల ఒకేలా జరిగిందంటే అది ప్రకృతి నియమం. ప్రశాంతతకు కారణం బురద! కాబట్టి వెంటనే ఒక గుంట తవ్వాలి. నిదానమ్మగారికి విశ్రాంతి ఇవ్వాలి."

"విశ్రాంతంటే ఎక్కడ నాయనా?" అడిగింది నిదానమ్మ.

"ఎండువాగు అవతల, రాళ్ల మధ్య," అన్నాడు గంగడోలయ్య. "అక్కడ గుర్తుపెట్టుకోవాల్సినవేమీ ఉండవు."

నీళ్లూ ఉండవు. ఆ సంగతి నిదానమ్మకు తెలుసు. కానీ ఆ క్షణంలో ఆవిడ నీళ్ల గురించి ఆలోచించడం లేదు. మెడలోతు బురద అనే మాట డిప్పలో ఎక్కడో తగిలి గిరగిర తిరుగుతోంది. ఎండ. విపరీతమైన ఎండ. ఎదురుగా ఒక అడవిపంది, నోరు తెరుచుకుని తన మాట కోసం చూస్తోంది...

ఒక్కసారిగా అంతా గుర్తొచ్చేసింది. గుర్తురాగానే, రాకపోతేనే బాగుండేది అనిపించింది.

చెబితే నలుగురిలో పరువు పోతుంది. చెప్పకపోతే మడుగు పోతుంది, తనకే కాదు, అందరికీ. నిదానమ్మ మెడ మొత్తం బయటికి చాపింది. ఆవిడ మెడ అంత పొడుగని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

"ఆ నియమం ప్రకృతిది కాదు నాయనా, నాది," అంది.

జింకలు చెవులు రిక్కించాయి.

"చాలా ఏళ్ల కిందట పడమటి అడవివాళ్లు కబురు పెట్టారు, సభ ఎలా జరుపుకోవాలో నేర్పమని. నెలల తరబడి నడిచి వెళ్లాను. ఒకటి, అందరూ గుండ్రంగా కూర్చోవాలన్నాను. రెండు, చిన్న జంతువులు ముందు మాట్లాడాలన్నాను. మూడోది ఎంతకీ గుర్తు రాలేదు. వాళ్లంతా నా మొహమే చూస్తున్నారు. పైన ఎండ మాడ్చేస్తోంది, ఒళ్లు కాస్త బురదలో పెడితే బాగుండునని ఉంది. ఆ నోటితోనే అనేశాను, అధ్యక్షుడు మెడలోతు బురదలో కూర్చోవాలి, ఆయన లేచేదాకా ఎవరూ మాట్లాడకూడదని. అక్కడి అధ్యక్షుడు అడవిపంది. బురదంటే ప్రాణం. మారు మాట్లాడకుండా దిగాడు, ఇక లేవలేదు. వాళ్లను చూసి పక్క అడవివాళ్లు నేర్చుకున్నారు, వాళ్లను చూసి ఆ పక్కవాళ్లు. మీరు నాలుగు సాక్ష్యాలు తేలేదు ఆచార్యా. నా ఒక్క మతిమరుపునే నాలుగుచోట్ల ఏరుకొచ్చారు."

"ఇంతకీ ఆ మూడోది ఏమిటవ్వా?" అడిగాడు గంతులయ్య.

"ఏడాది కాగానే అధ్యక్షుడు దిగిపోవాలి అన్నది."

గంగడోలయ్య పెద్దగా రంకె వేశాడు. అది కోపం కాదు, ఆనందం. "విన్నారా! మరిచిపోయానని తన నోటితో తనే ఒప్పుకుంది! ఇంకేం సాక్ష్యం కావాలి? పట్టుకెళ్లండి వాగు అవతలికి!"

రెండు అడవికుక్కలు లేచి నిలబడ్డాయి. నిదానమ్మ మెడ మళ్లీ లోపలికి పోసాగింది. నిజమే కదా, ఇంకేం సాక్ష్యం కావాలి?

"ఆగండి, ఆగండి!" అని కేక వినబడింది.

ముళ్లపంది ఆచార్యుడు. ఒంటి మీద మిగిలిన కలాలన్నీ నిక్కబొడుచుకుని ఉన్నాయి. బురద సిద్ధాంతం కూలినందుకు ఆయనకు బాధేమీ కలగలేదు. దాని పక్కనే ఇంకోటి మొలిచింది.

"అద్భుతం! అన్నీ ఒకటై ఒక్కటి వేరయితే, వేరయిందే కారణమని చెప్పానా? అవే చెట్లు! అదే ఎండ! ఆ నాలుగు అడవుల్లో మూడో నియమం గుర్తు లేదు, అధ్యక్షుడు దిగలేదు. ఈ ఒక్క అడవిలో నిదానమ్మగారికి గుర్తుంది, అధ్యక్షులు దిగుతూ వస్తున్నారు. కారణం దొరికిపోయింది! అధ్యక్షుడు దిగడానికి కారణం ఈవిడే!"

"అయితే ఈవిణ్ణి వాగు దాటిస్తే?" అడిగింది ఒక ముసలి జింక.

"దాటిస్తే, గౌరవనీయులు గంగడోలయ్యగారు పోయేదాకా బండ దిగరు. ఎవరూ నోరెత్తరు. మీరు బురదనీళ్లే తాగుతారు. ఇది శాస్త్రం నిరూపించిన సత్యం!"

అన్నాక గంగడోలయ్య మొహం చూశాడు. తనను పంపిందెవరో అప్పుడు గుర్తొచ్చింది ఆచార్యుడికి. కానీ సిద్ధాంతం మరీ అందంగా కుదిరిందాయె, వెనక్కి తీసుకోవడానికి ప్రాణం ఒప్పలేదు.

జింకలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాయి. అడవికుక్కలు, ఎవరూ తమను లేవమనలేదన్నట్టుగా, మెల్లగా కూర్చున్నాయి. పొద్దుటి నుంచీ వాటికీ దాహంగానే ఉంది.

"సరే," పళ్లు కొరికాడు గంగడోలయ్య. "ఏడాది నిండితే దిగుతాను. నిండిందా మరి? చెప్పమనండి. నిన్నటి అమావాస్య ఎన్నోది?"

అందరూ నిదానమ్మ వైపు తిరిగారు.

నిదానమ్మ లోపల వెతుక్కుంది. పొద్దున్నే మూడుసార్లు అనుకున్న మాటే. పదకొండు అయ్యాయి అనుకుందా, పన్నెండు అయ్యాయి అనుకుందా? పడమటి అడవిలో ఎండ గుర్తుంది, అడవిపంది నోరు గుర్తుంది, ఇవాళ పొద్దున మాత్రం ఎక్కడా లేదు. అటు చూస్తే పదకొండులాగే ఉంది, ఇటు చూస్తే పన్నెండులాగే ఉంది.

అప్పుడు మడుగు వైపు చూసింది. నీళ్లు ఎక్కడున్నాయో, మట్టి ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు.

"పన్నెండు," అంది నిదానమ్మ. "నిన్నటితో ఏడాది నిండింది."

గంగడోలయ్య బండ దిగాడు. మధ్యాహ్నానికల్లా గంతులయ్యను ఎన్నుకున్నారు. వాడు బండెక్కి, అటూ ఇటూ కూర్చుని చూసుకుని, వంగి మెల్లగా అడిగాడు: "అవ్వా, నా లెక్క ఇవాళ్టి నుంచా, వచ్చే అమావాస్య నుంచా?"

"నిన్నటి నుంచి," అంది నిదానమ్మ.

ఇందులో నీతి: గద్దె మీదున్నవాడి గడువు ఎప్పటికో గుర్తు రాకపోతే, నిన్నటితో అయిపోయిందని చెప్పడమే అసలైన జ్ఞాపకశక్తి.