లిఫ్టులో మానవ హక్కులు

మన విదేశాంగ శాఖలో మానవ హక్కులకు ఒక స్థిరమైన స్థానం ఉంది. ప్రధాన భవనంలో, గుమ్మం దాటగానే కుడివైపు లిఫ్టు.

ఈ ఏర్పాటు వెనుక చాలా ఆలోచన ఉంది. ఆయుధాలు కొనడానికి వచ్చిన అతిథితో కింది అంతస్తులో హక్కుల గురించి మాట్లాడలేం, అక్కడ పూలగుత్తులూ కెమెరాలూ ఉంటాయి. నాలుగో అంతస్తులో అసలే మాట్లాడలేం, అక్కడ సంతకాల బల్ల ఉంటుంది. మధ్యలో మిగిలేది ముప్పై ఎనిమిది సెకన్ల ప్రయాణం. రెండో అంతస్తు వచ్చేలోగా మన మంత్రిగారు, "మీ దేశంలో మానవ హక్కుల పరిస్థితి మాకు ఆందోళన కలిగిస్తోంది" అంటారు. మూడో అంతస్తు దాటుతుండగా అతిథి, "మీ ఆందోళనను మేం గౌరవిస్తున్నాం" అంటారు. తలుపు తెరుచుకుంటుంది. హక్కుల అంశం కూడా ప్రస్తావనకు వచ్చిందని సాయంత్రం ప్రకటన వెలువడుతుంది. అందులో ఒక్క అబద్ధం ఉండదు. అబద్ధం ఆడటం మన రక్తంలోనే లేదు.

ఈ ముప్పై ఎనిమిది సెకన్లకు బాధ్యుడు ప్రోటోకాల్ అధికారి. ఇరవై రెండేళ్ళుగా లిఫ్టు మీట నొక్కుతున్నవాడు. ఒకసారి పాత మంత్రిగారు వాతావరణం గురించి మాట్లాడుతూ హక్కుల మాటే మరిచిపోతే, అతిథి తన గొడుగును కింది అంతస్తులో మరిచారని చెప్పి ఇద్దరినీ మళ్ళీ కిందికి దించి, మళ్ళీ పైకి తెచ్చిన సమర్థుడు. అతిథి ఆ రోజు గొడుగే తేలేదు. ఈ సంగతి ఆయన ఇప్పటికీ ఇంట్లో గర్వంగా చెప్పుకుంటాడు, ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ వింటున్నట్టు తల ఊపుతారు.

ఈసారి అతిథి మంత్రిగారు అరవై బండ్లు కొనడానికి వచ్చారు. గుంపులను చెదరగొట్టే బండ్లు. ముందు నీళ్ళ ఫిరంగి, పైన బాష్పవాయు గుళ్ళు పేల్చే గొట్టం, లోపల ప్రథమ చికిత్స పెట్టె. ఆ పెట్టె మన నైతిక సంఘం పదకొండు సార్లు సమావేశమై సాధించిన విజయం. కొట్టడం, కట్టు కట్టడం ఒకే బండిలో జరిగే సౌకర్యం ప్రపంచంలో ఇంకెవరూ ఇవ్వడం లేదు.

ఇక్కడొక చిన్న చిక్కు వచ్చిపడింది. ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే ఒకావిడ ప్రతి మంగళవారం డ్యూటీ దిగి వచ్చి, మన శాఖలో సందర్శకుల బల్లమీద కూర్చునేది. ఆవిడ తమ్ముడు ఆ అతిథిగారి దేశంలో డ్రాయింగు మాస్టారు. 'మా వీధి' అని బొమ్మ గీయమంటే పిల్లలు వీధిలో కనిపించినవే గీశారు. కనిపించినవి గతంలో మనం అమ్మిన బండ్లే. మాస్టారు ఆ బొమ్మలను బడి గోడకు అంటించి, రెండేళ్ళ మూడు నెలలుగా జైల్లో ఉన్నాడు.

అధికారికి నిజంగానే జాలేసింది. "ఈసారి మీ తమ్ముడి పేరు మంత్రిగారితో చెప్పిస్తానమ్మా. పూచీ నాది" అన్నాడు. అని, పేరు రాసి ఫైలు పైకి పంపాడు. పేరు చెబితే విషయం మరీ వ్యక్తిగతమైపోతుందని వాణిజ్య శాఖ అభ్యంతరం చెప్పింది. ఫైలు తిరిగి వచ్చేసరికి పేరు కొట్టేసి ఉంది, పక్కన ఎర్ర సిరాతో 'కొందరు వ్యక్తులు' అని ఉంది. చివరికి ఆ 'కొందరు' కూడా పోయారు. అయినా అధికారి మాస్టారి పేరు ఒక చీటీ మీద రాసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అంతటి ధైర్యం తనలో ఉందని ఆయనకే తెలియదు.

ఆ రోజు ముగ్గురూ లిఫ్టు ఎక్కారు. మన మంత్రిగారు ఆందోళన చెందారు. అతిథి దాన్ని గౌరవించారు. మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య లిఫ్టు ఆగిపోయింది.

"భయపడకండి సార్! అరగంటలో కదిలిస్తాం!" అని పైనుంచి మెకానిక్ కేక వేశాడు. లోపల మాట్లాడవలసిన హక్కులు అయిపోయాయి.

"ఈ లిఫ్టు మీ దేశంలో చేసిందేనా?" అన్నారు అతిథి.

"మాదేనండీ."

"ఆ బండ్లు కూడా మీవేగా?"

మన మంత్రిగారికి ముచ్చెమటలు పోశాయి. దేశం పరువు కాపాడటానికి ఒక్కో బండికీ రెండు అదనపు టైర్లు, ఏడాది ఎక్కువ గ్యారంటీ ప్రకటించారు. ఇరవై నిమిషాలు గడిచేసరికి అరవై బండ్లు ఎనభై అయ్యాయి.

ఆ తర్వాత అతిథి టై వదులు చేసుకుని, బూట్లు విప్పి నేలమీద చతికిలబడ్డారు. నేలమీద కూర్చుంటే ఎవరైనా కాస్త మనిషిలాగే కనిపిస్తారు.

"ఇందాక హక్కులనో ఏదో అన్నారు. ఎవరైనా ఉన్నారా ఏమిటి? ఒక పేరు చెప్పండయ్యా. పైకి వెళ్ళగానే ఫోన్ చేసి వదిలేయమంటాను, నాకేం పోయింది? మా జైళ్ళు ఎలాగూ కిక్కిరిసి ఉన్నాయి. ఇన్నేళ్ళుగా వస్తున్నాను, మీరెవ్వరూ ఒక్క పేరైనా అడగరేం?"

మన మంత్రిగారు అధికారి వైపు చూశారు. అధికారి చెయ్యి జేబు దగ్గరికి వెళ్ళింది. చీటీ వేళ్ళకు తగిలింది. నోరు తెరిచాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ నోటికి ఒకటే అలవాటు.

"పరిశీలించి, తగిన మార్గంలో తెలియజేస్తాం సార్."

మన మంత్రిగారు మెచ్చుకోలుగా తల ఊపారు. "సరే, మీ ఇష్టం" అని అతిథి బూట్లు తొడుక్కున్నారు. లిఫ్టు ఒక్క కుదుపుతో కదిలింది. "కాదు సార్, ఒక పేరు..." అని అధికారి అంటూండగానే తలుపు తెరుచుకుంది. చప్పట్లు, కెమెరాలు. అతిథి మళ్ళీ మంత్రి అయిపోయారు.

ఇరు దేశాల చరిత్రలోనే తొలిసారిగా మానవ హక్కులపై నలభై ఒక్క నిమిషాలపాటు ఏకాంత చర్చలు జరిగాయని ఆ సాయంత్రం ప్రకటన వెలువడింది. పత్రికలు మన విలువలను వేనోళ్ళ పొగిడాయి. నలభై అయిదు నిమిషాలు ఎందుకు మాట్లాడలేదని ప్రతిపక్షం నిలదీసింది. అధికారికి ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆయన మాట తప్పే మనిషి కాదు, మాస్టారి పేరును తగిన మార్గంలో పంపాడు. ఇటువంటి అంశాలను ఆనవాయితీ ప్రకారం లిఫ్టులో ప్రస్తావించగలరని జవాబు వచ్చింది. అతిథిగారి తదుపరి పర్యటన రెండేళ్ళ తర్వాత. ఈలోగా లిఫ్టు మార్చేశారు. కొత్తది పంతొమ్మిది సెకన్లలో పైకి వెళుతుంది కాబట్టి ఆందోళనను సగానికి కుదించే పని జరుగుతోంది.

మంగళవారం నర్సు వచ్చింది. చేతిలో పత్రిక ముక్క ఉంది.

"నలభై ఒక్క నిమిషాలా సార్! తోడబుట్టినదాన్ని, నేనే వాడి గురించి ఎవరితోనూ అంతసేపు మాట్లాడలేదు. వినేవాళ్ళు దొరకొద్దూ? వాడి పేరు చెప్పగానే ఆయన ఏమన్నారు సార్?"

అధికారికి తల కొట్టేసినట్టయింది. నేలకేసి చూశాడు. గోడమీద ప్రశంసాపత్రం కేసి చూశాడు.

"శ్రద్ధగా విన్నారమ్మా" అన్నాడు.

ఆవిడ రెండు చేతులూ జోడించి, కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయింది. సందర్శకులు లిఫ్టు వాడరాదు.

అధికారిని తిట్టుకోవడానికి మనం తొందరపడనక్కర్లేదు. ఆ డ్రాయింగు మాస్టారి గురించి మనమూ ఇంతసేపు మాట్లాడుకున్నాం, అయ్యో అనుకున్నాం. ఆయన పేరు నేను చెప్పలేదు. మీరూ అడగలేదు.