మంచం మీద ఇంకో మంచం

మనిషి ఎంత నాగరికుడో తెలుసుకోవడానికి అతని చదువు అడగక్కర్లేదు, జీతం అడగక్కర్లేదు. నేలకు ఎన్ని అడుగుల ఎత్తున పడుకుంటున్నాడో అడిగితే చాలు!

చాప మీద పడుకునేవాడు ఇంకా మనిషి కాలేదు. మంచం మీద పడుకునేవాడు సగం మనిషి. నిచ్చెన వేసుకుని ఎక్కి, ఐదున్నర అడుగుల ఎత్తున వెల్లకిలా పడుకునేవాడే పూర్తి మనిషి. ఆ పడకను లాఫ్ట్ బెడ్ అంటారు. మా ఊళ్లో అటక అనేవాళ్లం. అక్కడ దాని మీద ఊరగాయ జాడీలూ, కాలు విరిగిన కుర్చీలూ పెడతారు. ఢిల్లీలో ఇంజనీర్లను పెడతారు.

నేను లాఫ్ట్ బెడ్డుకు వ్యతిరేకినని మా బ్లాకులో ఎవరో పుకారు లేపారు. అబద్ధం. అంత మేలైన వస్తువు ఇటీవలి కాలంలో ఈ దేశంలోకి రాలేదని పత్రికాముఖంగా ప్రకటిస్తున్నాను.

ఆలోచించండి. ఢిల్లీలో కింద చోటెక్కడుంది? రోడ్డు చాలలేదని ఫ్లైఓవరు కట్టారు. ఫ్లైఓవరు చాలలేదని మా మయూర్ విహార్ వైపు మెట్రో స్తంభాలు లేపుతున్నారు. రైలే గాల్లోకి ఎక్కుతున్నప్పుడు నా కూతురు ఎక్కితే తప్పేమిటి?

మా ఊరి బడిలో లెక్క తప్పితే బెంచీ ఎక్కించేవారు. అది శిక్ష. ఇప్పుడు కార్పెంటరును పిలిపించుకుని మరీ ఎక్కుతున్నారు. చదువు ఎంత ముందుకు పోయిందో చూడండి!

నేను ఉండేది ఫేజ్ త్రీలో, జనతా ఫ్లాటు. జనతా అంటే ఒకటే గది. దానికి వంటిల్లు ఒకటి, బాత్‌రూము ఒకటి, రెండు చీరలు ఆరేస్తే నిండిపోయే బాల్కనీ ఒకటి. అందులో ఇద్దరం. రిటైరైన గుమాస్తాను నేను. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న నా కూతురు శరణ్య. దానికి ఇరవై నాలుగేళ్లు. దాని తల్లి అనసూయ పోయి మూడేళ్లయింది.

నాకు మంచం ఉంది. శరణ్యకు నా మంచం కాళ్ల వైపు నుంచి వంటింటి గడప దాకా నేల ఉంది. ఎవరి చోటు వారిది. దీన్ని న్యాయమైన పంపకం అనరూ?

మే నెలలో ఒక ఆదివారం శరణ్య ఈ ఏర్పాటు మీద తిరగబడింది. ఇందిరాపురంలో తన ఆఫీసు స్నేహితురాలు వైశాలి ఇంట్లో లాఫ్ట్ బెడ్ చూసి వచ్చిందట. మనమూ చేయిద్దామంది. వద్దంటే ఒకటో తారీఖు నుంచి నోయిడాలో పీజీ హాస్టలుకు పోతానంది.

నేల పడక నడుముకు మంచిదని చెప్పాను. మొజాయిక్ నేల వేసవిలో చల్లగా ఉంటుందని చెప్పాను. మీ అమ్మ పంతొమ్మిదేళ్లు అక్కడే పడుకుంది, ఒక్కనాడైనా మంచం కావాలని అడిగిందా అని కూడా అన్నాను.

"అమ్మ అడగలేదు నాన్నా. నేను అడుగుతున్నాను. బస్."

ఢిల్లీలో పెరిగిన పిల్లలు వాదించరు. పీజీ అడ్రసు రాసిన కాగితం ఫ్రిజ్ తలుపుకు అతికిస్తారు. మంచినీళ్ల సీసా తీసినప్పుడల్లా చదువుకోవాలి మనం.

వెళితే నాకేమిటి? గదంతా నాదే. టీవీ నాదే. సాయంత్రం ఏడు దాటాక మెట్ల మీద ఎవరి చెప్పుల చప్పుడు కోసమూ చెవి ఒగ్గక్కర్లేదు. ఒక్కడికే కుక్కరు పెట్టుకోవచ్చు. ఇంత సుఖం ఎక్కడ భరించను? అందుకని లాఫ్ట్ బెడ్డుకు ఒప్పుకున్నాను. రెండే షరతులు పెట్టాను. నా మంచం కదలకూడదు. నా ఫ్యాను కదలకూడదు.

ఇక ఎంపిక. పాఠకుల్లో ఇరుకిళ్లవారు ఇక్కడ శ్రద్ధగా చదవాలి.

శరణ్య ఒక కేటలాగు తెచ్చింది. అందులో తెల్లపిల్ల ఒకతె ఎత్తయిన పడక మీద బోర్లా పడుకుని, పుస్తకం చదువుతూ నవ్వుతోంది. ఆమె గది మా బ్లాకంత ఉంది. అంత గది ఉన్న పిల్లకు పైకెక్కాల్సిన ఖర్మేమిటో కేటలాగులో రాయలేదు.

మొదట చూసుకోవలసింది తలకూ శ్లాబుకూ మధ్య దూరం. లేచి కూర్చుంటే తల తగలకూడదంటారు. నన్నడిగితే తగలాలి. పొద్దున్నే ఒక్క దెబ్బ తగిలితే మనిషికి రోజంతా అణకువ ఉంటుంది. ఆఫీసుల్లో గొడవలు తగ్గుతాయి.

రెండోది నిచ్చెన. నిటారు నిచ్చెన చోటు ఆదా చేస్తుంది, మోకాళ్లను ఆదా చెయ్యదు. పైకెక్కాక కళ్లజోడు కింద మరిచామని గుర్తొస్తుంది. దిగి, ఎక్కాక, సెల్‌ఫోను. మళ్లీ దిగి, ఎక్కాక, బాత్‌రూము. జిమ్ముకు పోవాల్సిన పనేముంది?

మూడోది వేడి. వేడిగాలి పైకి పోతుందని మా ఊరి బళ్లోనే చెప్పారు. జూన్‌లో, ఢిల్లీలో, కరెంటు పోయినప్పుడు, శ్లాబుకు నాలుగడుగుల కింద పడుకుంటే వచ్చే చెమటకు పెద్ద హోటళ్లలో ఆవిరిస్నానమని పేరు. ఇక్కడ ఉచితం.

అన్నిటికన్నా గొప్ప లాభం బంధువులు. ఎర్రకోట చూడాలని కుటుంబంతో దిగేవారు ఆ నిచ్చెనను చూసీ చూడగానే, ఏదో లాడ్జి ఉందట కదా అని వాళ్లంతట వాళ్లే అంటారు.

ఇన్ని మేళ్లున్న వస్తువును ఎవడు కాదంటాడు? మా కింద ఫ్లాటు భీమశంకరం గారు కాదన్నారు. ఆయన శాస్త్రాలు తెలిసిన మనిషి. పెన్షను రోజు తప్ప మిగతా రోజులన్నీ వాటికే కేటాయించారు. గదంతా కలియజూసి, గొంతు తగ్గించి అన్నారు.

"ఏమండీ, పెళ్లికావలసిన పిల్ల కాళ్లు తండ్రి తలమీదుగా ఉండటమా? పెద్దల తలవైపు కాళ్లు పెట్టి పడుకోకూడదని మనవాళ్లు ఊరికే చెప్పలేదు."

నాకు ఆ మాట ఎంత నచ్చిందో! రెండు షరతులకు మూడోది కలిపాను. దాని తల నా తల పైనే రావాలి, దాని కాళ్లు నా కాళ్ల పైనే రావాలి. శరణ్య ఫ్రిజ్ వైపు చూసింది.

ఒకటో తారీఖు ఇంకో వారం ఉందనగా దశరథ్ వచ్చాడు. కార్పెంటరు, బిహార్ మనిషి, యాభై దాటాయి. ముఖర్జీ నగర్‌లో సివిల్స్‌కు చదివే పిల్లల గదులన్నీ అతని చేతిమీదుగానే ఇరుకయ్యాయి. ఇద్దరు పట్టే గదిలో నలుగురిని పట్టించడం అతని విద్య. రేపు ఈ దేశాన్ని ఏలబోయేవాళ్లు ఇవాళ అతను కొట్టిన మేకుల మీద ఆధారపడి నిద్రపోతున్నారు. అందుకే మనిషి తొణకడు.

అతను టేపు తీసి శ్లాబు కొలిచాడు. తొమ్మిదిన్నర అడుగులు. గోడ కొలిచాడు. పన్నెండు. నా మంచం కొలిచాడు. ఆరున్నర. ఫ్యాను వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

లాఫ్ట్ బెడ్డుకు ఈ గోడ ఒక్కటే పనికొస్తుందట. అవతలి గోడకు తలుపూ బీరువా ఉన్నాయి. అంటే నా మంచం పైనే రావాలి. వస్తే, ఫ్యాను రెక్కలు పైన పడుకున్నవాళ్ల ముక్కు కోస్తాయి. ఫ్యాను తీయాల్సిందే.

తీయడానికి వీల్లేదన్నాను. ఆ పడకేదో మంచం కాళ్లవైపు, పిల్ల పడుకునే చోటు మీదే కట్టవయ్యా అన్నాను. దాని చోటు దానికి ఉంది కదా?

దశరథ్ అక్కడా టేపు పరిచాడు. గడప దగ్గర ఆగిపోయింది. ఐదుకు కొంచెం పైన.

"ఇధర్ ఆద్మీ నహీ ఆయేగా, అంకుల్‌జీ," అన్నాడు. ఇక్కడ మనిషి పట్టడని.

నాకు కోపం వచ్చింది. మనిషి పట్టకపోవడమేమిటి? నా భార్య పట్టింది. పిల్ల హాస్టలుకు పోయేదాకా తల్లి పక్కనే పట్టింది. నిన్న కూడా పట్టింది. ముఖర్జీ నగర్‌లో గదికి నలుగురిని పట్టించేవాడివి, ఒక్క మనిషి పట్టడని నాకే చెబుతావా?

పట్టడనేవాడికి పట్టించి చూపించాలి. లుంగీ సర్దుకుని అక్కడే పడుకున్నాను.

మడమలు గడప దాటి వంటింట్లోకి పోయాయి. గ్యాసుబండ చల్లగా పాదానికి తగిలింది. వెనక్కి జరిగితే తల నా మంచం కోడుకు కొట్టుకుంది. చివరికి పక్కకు తిరిగి, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకున్నాను. అప్పుడు పట్టాను.

అలా ముడుచుకుని పడుకోవడం అనసూయ అలవాటు. పంతొమ్మిదేళ్లు చూశాను. ఏమిటి నీకీ రొయ్య పడక అని బంధువుల ముందు నవ్వించేవాణ్ణి కూడా. ఆమె కూడా నవ్వేది. తెల్లవారుజామున బాత్‌రూముకు లేచేటప్పుడు కాళ్లు నాకు అడ్డం రాకూడదని ముడుచుకుంటుందని ఆమె చెప్పలేదు. నేను అడగలేదు.

కళ్లెత్తితే నా మంచం కాళ్లవైపు పట్టె కనిపించింది. జానెడు దూరం. రాత్రి నేను కాళ్లు చాపితే నా పాదాలు సరిగ్గా అక్కడికి వస్తాయి. ఆ పాదాల కింద ఒక తల పంతొమ్మిదేళ్లు ఉంది. ఇంకో తల ఇప్పుడు ఉంటోంది. భీమశంకరం గారి శాస్త్రం దీని గురించి ఏమీ చెప్పలేదెందుకో! బహుశా శాస్త్రం మంచం ఎక్కినవాళ్ల తలల గురించే రాసి ఉంటారు.

ఫ్యాను తిరుగుతూనే ఉంది. అంత దూరాన, నా మంచం పైన, ఖాళీ పరుపుకు గాలి వేస్తోంది. నా మెడ కింద చెమట నేల మీదికి దిగింది. ఇసుమంతైనా గాలి ఇటు రాలేదు. మొజాయిక్ చల్లగా ఉంటుందని చెప్పిన పెద్దమనిషి ఎవరో మీకు తెలుసు.

అప్పుడు గది మధ్యలో, శ్లాబుకు, సున్నం పూతల కింద బుడిపెలాంటిది కనిపించింది. మంచం మీద నుంచి ఎన్నడూ చూడలేదు. అదేమిటని శరణ్యను అడిగాను.

"ఫ్యాను హుక్కు నాన్నా. చిన్నప్పుడు అమ్మ చూపించింది. ఫస్ట్ అక్కడే ఉండేదట కదా, ఫ్యాను."

ఉండేది. ఎనభై ఆరులో ఫ్లాటు తాళాలు చేతికొచ్చినప్పుడు హుక్కు అక్కడే ఉంది. గదిలో అందరికీ గాలి తగలాలని కట్టినవాళ్లు అక్కడ పెట్టారు. ఆఫీసులో అలిసి వచ్చేది నేను కదా అని, ఎలక్ట్రీషియన్ని పిలిపించి, నా మంచం పైన కొత్త కన్నం కొట్టించింది నేను. ఆ రోజు అనసూయ అతనికి టీ ఇచ్చింది.

లేవబోతే నడుము పట్టేసింది. దశరథ్ చెయ్యి అందించాడు. పంఖా ఎక్కడ పెట్టమంటారని అడిగాడు. పాతచోట పెట్టమన్నాను.

లాఫ్ట్ బెడ్ తయారైంది. శరణ్య పైన పడుకుంటోంది. దాని తల ఎటు పెట్టుకుంటుందో నేను చూడలేదు. దాని కాళ్లు నా తల పైనే వస్తున్నాయని భీమశంకరం గారు వచ్చి చూసి మరీ చెప్పారు. రానివ్వండన్నాను. ఫ్యాను గది మధ్యకు వచ్చింది కనుక నాకు గాలి సగమే వస్తోంది. దీని మీద ఎవరికి ఫిర్యాదు రాసుకోవాలో తెలిసినవారు తెలపగలరు. ఫ్రిజ్ మీద కాగితం మాత్రం లేదు. అది అతికించిన చోట జిగురు మరక ఉంది, తుడిచినా పోవడం లేదు.

చాప మీద పడుకునేవాడు ఇంకా మనిషి కాలేదని మొదట్లో రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది ఆ పక్కన మంచమెక్కి ఫ్యాను తనవైపు తిప్పుకున్నవాడి గురించి రాయాల్సిన మాట.

మిగతాదంతా అక్షరాలా నిజం. లాఫ్ట్ బెడ్ వరం. ఇరుకింట్లో అదనంగా ఒక మనిషికి చోటు పుట్టిస్తుంది. ఇప్పుడే వచ్చిన కొత్త విద్య కదా, మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడున్నాయని మీరు నన్ను ఓదార్చబోతారేమో. నాలుగు కొయ్యలూ, నాలుగు పలకలూ, ఒక నిచ్చెన. ఎనభై ఆరులో ఢిల్లీలో కొయ్య దొరికేది. కార్పెంటర్లు ఉండేవారు.

శ్లాబు అప్పుడూ తొమ్మిదిన్నర అడుగుల ఎత్తునే ఉంది.